పంచదార పోసి పంపిన డబ్బా

నా జీవితంలో నేను రంజాన్‌నాటి సేమియా ఖుర్మా తిన్నది ఒక్కసారే. పత్రికలో దాని రుచిని పొగుడుతూ రాసింది మాత్రం అంతకు ఏడాది ముందు. తినకుండానే రాశాను. అలా రాసినందుకు, నన్ను పదేళ్లు నమ్మిన ఒక మనిషి ముందు తల దించుకోవాల్సి వచ్చింది. ఆటోనగర్ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ముందు సిగ్గే గుర్తొస్తుంది, స్నేహం ఆ తర్వాత.

అప్పట్లో నేను విజయవాడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ఆదివారం ఆదివారం ఒక చిన్న దినపత్రికలో కాలమ్ రాసేవాణ్ణి. దేని గురించి అంటే, దేని గురించి కాదో చెప్పడమే తేలిక. పెసరట్టులో అల్లం ఎంత పడాలి దగ్గర్నించి అమెరికా ఎవరి మీద బాంబులు వెయ్యకూడదు దాకా అన్నీ నా పరిధిలోవే. ముఖ్యమంత్రుల్నీ, సినిమా హీరోల్నీ, ఆవకాయలో ఆవపిండి తగ్గించే వాళ్లనీ ఒకే కోపంతో ఏకిపారేసేవాణ్ణి. కంకిపాడు నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ప్రతి వారం కార్డు రాసేవారు. "తమరి కలానికి భయమూ లేదు, మొహమాటమూ లేదు" అని ఒకసారి రాశారు. ఆ కార్డుని చాలా కాలం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను.

ఆ మనిషి, నేను భాయ్ అని పిలిచే రేడియేటర్ల మెకానిక్కు, పరిచయమైంది తొంభై ఒకటిలో, గల్ఫ్‌లో యుద్ధం మొదలైన రోజుల్లో. మా కాలేజీ బస్సు రేడియేటరు కారుతుంటే డ్రైవరు దాన్ని ఆటోనగర్ తీసుకెళ్లాడు. ఇంటికి పోయే తొందరేమీ లేదు కాబట్టి నేనూ బస్సులోనే ఉండిపోయాను. రేకుల షెడ్డు, అందులో లారీల రేడియేటర్లు గోడకి ఆనించి ఉన్నాయి. ఒక అలమరలో ట్రాన్సిస్టరు గట్టిగా మోగుతోంది. దాని ముందు నిలబడి నా వయసాయనే, నలభై దాటినాయన, చేతిలో పనిముట్టు పట్టుకుని వార్తలు వింటున్నాడు. ఆయన బావమరిది కువైట్‌లో ఉన్నాడట, నెలలుగా ఉత్తరం లేదట. వార్తలు అయ్యేదాకా బస్సు వైపు చూడలేదు. అయ్యాక మాత్రం, "క్షమించండి మాస్టారూ, కూర్చోండి" అని స్టూలు తుడిచి వేశాడు.

ఆయన పని చూడ్డం నాకు ఇష్టంగా ఉండేది. రేడియేటరు మూతులన్నీ రబ్బరు బిరడాలతో బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, పంపుతో గాలి కొట్టేవాడు. చిల్లు ఎక్కడుంటే అక్కడ్నించి బుడగలొచ్చేవి. డ్రైవర్లు ఇక్కడ కారుతోంది, అక్కడ కారుతోంది అని ఎంత చెప్పినా వినేవాడు కాదు. "మనం చెప్పుకోవడం కాదండి, నీళ్లలో పెడితే అదే చెబుతుంది" అనేవాడు. నేను ఆ మాటని రెండు కాలమ్‌లలో వాడుకున్నాను, ఒకసారి అసెంబ్లీ మీద, ఒకసారి ఐక్యరాజ్యసమితి మీద. ఎవరన్నారో రాయలేదు.

అలా వారానికోసారి సాయంత్రం ఆ షెడ్డుకి వెళ్లడం అలవాటైంది. బావమరిది క్షేమంగా తిరిగొచ్చినా నా అలవాటు పోలేదు. టీ తాగుతూ ప్రపంచాన్నంతా చక్కబెట్టేవాళ్లం. నాకు పుస్తకాలు తెలుసు, ఆయనకి మనుషులు తెలుసు. ఎడారిలో యుద్ధమైతే ఏ రూట్లో లారీలు ఆగిపోతాయో, ఏ ఊళ్లో పెళ్లిళ్లు వాయిదా పడతాయో ఆయన చెప్పేవాడు. అవి నా కాలమ్‌లో "ఒక మిత్రుడు అన్నట్టు" అని వచ్చేవి. ఎక్కడో ముస్లింలున్న దేశంలో ఏదైనా జరిగితే, ఆయన్ని తప్పకుండా ఒక ప్రశ్న అడిగేవాణ్ణి.

"మీ వాళ్లేమనుకుంటున్నారు భాయ్?"

"మా వాళ్లంటే ఎవరండీ? ఆటోనగర్ వాళ్లా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. మళ్లీసారి మళ్లీ అదే అడిగేవాణ్ణి.

పరిచయమైన ఏడాదే రంజాన్ పండగనాడు మా ఇంటికి స్టీలు డబ్బా తెచ్చాడు. గుండ్రటి మూత డబ్బా, పైన వైరు పిడి. లోపల వాళ్ల ఇంట్లో కాచిన సేమియా ఖుర్మా: పాలు, నెయ్యి, ఖర్జూరం, సారపప్పు. వీధి వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను, డబ్బా లోపలికి తీసుకెళ్లాను. అమ్మ వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"వాళ్లు మంచివాళ్లే నాయనా. నేను మనుషుల్ని ఏమీ అనడం లేదు. గిన్నెల సంగతే" అంది.

ఏ గిన్నెలో ఏం వండారో తెలియదని ఆవిడ బాధ. మాది ఉల్లిపాయ కూడా వారానికి నాలుగు రోజులే తినే ఇల్లు. నేను సమసమాజం గురించి క్లాసులో గొంతు చించుకునేవాణ్ణి గానీ, ఆ గుమ్మం దగ్గర ఒక్క మాట అనలేదు. డబ్బాని పెరటి గోడ మీద పెట్టాం. సాయంత్రం పనిచేసే ఆవిడ తన పిల్లలకి పట్టుకెళ్లింది. మర్నాడు ఆవిడే డబ్బా తోమి తెస్తే, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కాబట్టి, అమ్మ దాని నిండా పంచదార పోసి మూత పెట్టించింది. మర్యాదకి మా ఇంట్లో ఎప్పుడూ లోటు లేదు.

"ఖుర్మా ఎలా ఉందండి?" అని షెడ్డులో అడిగాడు భాయ్.

"అద్భుతం" అన్నాను. అది నా మొదటి అబద్ధం. అంత తేలిగ్గా వచ్చింది కాబట్టే ఏటేటా వచ్చింది.

తొంభై ఆరులో ఒక సాయంత్రం ఆ షెడ్డులోనే నాకు కళ్లు తిరిగాయి. చెమటలు పట్టి స్టూలు మీంచి జారిపోయాను. భాయ్ పని ఎక్కడిదక్కడ వదిలేసి, నన్ను స్కూటరు మీద తన వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా నా రెండు చేతులూ తన నడుముకి చుట్టించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. షుగరన్నారు. మర్నాటి నుంచి ఆ షెడ్డుకి టీ చెప్పినప్పుడల్లా, "ఒకటి పంచదార లేకుండా" అని నాకంటే ముందు ఆయనే అరిచేవాడు. ఎప్పుడైనా నేను ఆశగా బిస్కెట్ల వైపు చూస్తే ఆ పొట్లం అవతలికి జరిపేవాడు.

తొంభై ఎనిమిదిలో అమ్మ పోయింది. దినాలకి భాయ్ వచ్చి, వీధి అరుగు మీద మా బంధువుల పక్కన చివరిదాకా కూర్చుని వెళ్లాడు. మళ్లీ రంజాన్‌కి డబ్బా వచ్చినప్పుడు నా భార్య నా మొహం వైపు చూసి, "ఇప్పుడు ఎవరూ ఏమీ అనరుగా, కొంచెం పెట్టనా?" అంది. గుమ్మంలో అడ్డుగా నిలబడే మనిషి లేదు. గుమ్మం ఖాళీగా ఉంది. ఇన్నేళ్లూ అమ్మ వల్లే తినలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

"షుగరున్నవాణ్ణి, అంత తీపి నాకెందుకు?" అన్నాను.

డబ్బా పెరటి గోడ మీదకే వెళ్లింది. ఈసారి పంచదార పోసింది నా భార్య.

ఇంతలో రెండు వేల ఒకటి వచ్చింది. ఆ సెప్టెంబరులో అమెరికాలో ఆ రెండు మేడలు కూలిన మర్నాడు నేను షెడ్డుకి వెళ్లాను. అలవాటైన నోరు కదా, స్టూలు మీద సర్దుకుని కూర్చోకముందే అడిగేశాను.

"మీ వాళ్లేమనుకుంటున్నారు భాయ్?"

ఈసారి నవ్వలేదు. తొట్టిలోంచి రేడియేటరు పైకెత్తి, నీళ్లు ఓడ్చి, పక్కన పెట్టాడు. "పొద్దున్నించీ ముగ్గురు అడిగారు మాస్టారూ. మీరు నాలుగోవారు" అన్నాడు.

క్షమించమని అడగాల్సింది. నేను చేసే పని అది కాదు, నేను రాసేవాణ్ణి. ఏదైనా రాసి సరిచేద్దాం అనుకున్నాను. ఆ ఏడు రంజాన్ డిసెంబరులో వచ్చింది. పండగకి ముందు ఆదివారం కాలమ్ మొత్తం భాయ్ ఇంటి ఖుర్మా మీద రాశాను.

రంజాన్ నెల వస్తే మన నాయకులకి తలల మీద టోపీలు మొలుస్తాయని మొదలుపెట్టాను. ఇఫ్తార్ విందుల్లో వాళ్లు ఖర్జూరప్పండుని నోటిదాకా తీసుకెళ్లి, అక్కడ ఆపి, కెమెరా వైపు చూస్తారని, ఆ పండు నోట్లోకి వెళ్లిందో లేదో ఏ ఫోటోలోనూ కనబడదని వెక్కిరించాను. ఆ తర్వాత మా ఇంటికొచ్చే స్టీలు డబ్బా గురించి. "నాయకుల ఖర్జూరం కెమెరా కోసం, మా మిత్రుడి ఇంటి ఖర్జూరం నాలుక కోసం" అని రాశాను. పంటి కింద ఖర్జూరం ముక్క ఎలా నలుగుతుందో, చిక్కటి తీపి పెదవులకి ఎలా అంటుకుంటుందో, చెంచా పెట్టి డబ్బా అడుగు ఎలా గీరుకుంటామో, అన్నీ రాశాను. ఇవన్నీ ఒక వారపత్రిక వంటల పేజీ పక్కన పెట్టుకుని రాసినవి. డబ్బా అడుగు గీరిన ముక్క ఒక్కటే నా సొంత కల్పన.

ఆ ఆదివారం ఏలూరులో ఒక పెళ్లికి వెళ్తున్నాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగితే, టీ బంకు బల్ల మీద ఒకాయన నా కాలమ్ చదువుతూ కనబడ్డాడు. చదివి, పక్కాయన భుజం తట్టి, "ఇది చూడు" అని ఇచ్చాడు. నేను బస్సు దిగి, అక్కర్లేకపోయినా ఒక టీ తాగి, వాళ్లిద్దరూ మొత్తం చదివేదాకా నిలబడ్డాను. కంకిపాడు హెడ్మాస్టరు గారు ఆ వారం కార్డు కాదు, కవరే రాశారు. చదువుతుంటే నోరూరిందట. ఒక సాహితీ సంస్థ వాళ్లు శాలువా కప్పారు. పండగనాడు డబ్బా ఎప్పటిలాగే వచ్చింది, భాయ్ మాత్రం రాలేదు. ఎవరో తెలిసిన ఆటో ఆయన చేత పంపాడు. పండగ హడావిడి కాబోలు అనుకున్నాను. డబ్బా ఎప్పటిలాగే పెరటి గోడ ఎక్కింది.

రెండు రోజులాగి మెప్పు కోసం షెడ్డుకి వెళ్లాను. టీ వచ్చింది, నాది పంచదార లేకుండా. కాలమ్ ఊసు ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తాను.

"చూశారా భాయ్, పేపర్లో?"

"చూశానండి. మా ఇంట్లో కూడా చదివి వినిపించాను." గ్లాసు పక్కన పెట్టాడు. "ఒక మాట అడగనా మాస్టారూ?"

"అడగండి."

"మీ డబ్బాలో మా ఆవిడ పంచదార వెయ్యదండి. మీకు షుగరొచ్చిన కాడ్నించీ. ఖర్జూరం కూడా వెయ్యదు. పాలు విడిగా కాచి, సారపప్పు, బాదం ఎక్కువేసి మీకోసం వేరే చేస్తది. చెప్పొద్దంది నన్ను. తింటే ఆయనకే తెలుస్తది, అప్పుడే చెప్తార్లెండి అంది."

షెడ్డులో ఎక్కడో సుత్తి దెబ్బలు పడుతున్నాయి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు పడ్డాను. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఏమన్నానంటే:

"నాకు తియ్యగానే ఉందే!"

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత తనే కళ్లు దించుకున్నాడు, తప్పు తనది అయినట్టు.

"గేదె పాలు కదండీ. బాగా మరిగిస్తే కొంచెం తీపి దిగుద్ది. అదే అయ్యుంటది" అన్నాడు.

"అవునవును, అదే" అన్నాను.

మునిగిపోయేవాడికి చెయ్యందించినట్టు ఆయన ఆ మాట అందించాడు, నేను పట్టుకుని ఒడ్డున పడ్డాను. ఖర్జూరం లేని డబ్బాలో ఖర్జూరం నా పంటి కింద ఎలా పడిందో ఆయన అడగలేదు. గేదె పాలలో ఖర్జూరాలు కాయవని మా ఇద్దరికీ తెలుసు. నన్ను అంతగా కాపాడిన మనిషి మీద, ఇంటికి వస్తూ దారంతా నాకు కోపమొచ్చింది. ముందే చెప్పి చావచ్చుగా అనుకున్నాను. సిగ్గు ఎక్కువైనప్పుడు నాకు కోపమే వస్తుంది, అది నా తీరు.

ఇంటికొచ్చి పనిచేసే ఆవిణ్ణి పిలిచి అడిగాను, ఆ పాయసం ఎలా ఉంటుందని.

"చప్పగా ఉంటదండి. ముందు బానే ఉండేది, ఈమధ్య అయిదారేళ్ల నుంచి తీపుండట్లా. మా పిల్లలకి నేనే పంచదార కలిపి పెడతన్నా."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరు తిననిదాని సంగతి మీకెందుకని" అంది, చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

పొరపాటుకి పత్రికలో సవరణ వేస్తారు. నేనూ ఒకటి రాశాను. "గతవారం ఈ కాలమ్‌లో వర్ణించిన వంటకాన్ని రచయిత ఎన్నడూ రుచి చూడలేదు." ఒక్క వాక్యం. దాన్ని మూడు వారాలు బల్ల సొరుగులో ఉంచి చించేశాను. అది అచ్చయితే భాయ్ పరువే పోతుందని, ఆటోనగర్‌లో నలుగురూ ఆయన్ని ఆటపట్టిస్తారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది ఆ సర్దుబాటు. అసలు భయం కంకిపాడు హెడ్మాస్టరు గారి కార్డు గురించి.

షెడ్డు నుంచి వచ్చిన రోజే, పంచదార పొయ్యడానికి నా భార్య ఆ డబ్బా చేతిలోకి తీసుకుంటే ఆపాను. ఏళ్ల తరబడి పంచదార మానేసి పంపినవాళ్లకి, ఏళ్ల తరబడి పంచదారే తిప్పి పంపాం. మళ్లీ అదే పొయ్యడానికి చేతులు రాలేదు. వేరే ఏం పొయ్యాలో తెలియలేదు. ఖాళీగా ఇవ్వకూడదు. అలా ఆ డబ్బా ఏడాదంతా మా ఇంటి అలమర పైనే ఉండిపోయింది.

షెడ్డుకి వెళ్లడం మానలేదు. స్టూలు తుడిచి వేసేవాడు, టీ చెప్పేవాడు, "ఒకటి పంచదార లేకుండా" అని అరిచేవాడు. అన్నీ ఉన్నాయి, ఒకటి తప్ప. ఇదివరకులా ప్రపంచం గురించి మాట్లాడటం మానేశాడు. నేను ఏ దేశం పేరెత్తినా, "మీరు చదువుకున్నవారు, మీకే తెలియాలి" అనేవాడు. ఎకసెక్కెం లేదు అందులో, అదే నాకు బాధ. పదేళ్లు నా కాలమ్‌కి ఉప్పూ కారమూ ఆ షెడ్డులోంచే వెళ్లాయని అప్పుడు తెలిసింది. ఆ ఏడు నా రాతలు నాకే చప్పగా అనిపించాయి.

ఆ వేసవికి ముందు, దూరాన ఇంకో రాష్ట్రంలో మనుషులు మనుషుల్ని తగలబెట్టుకున్నారు. వార్తలు చదివి అలాగే షెడ్డుకి బయల్దేరాను. వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. "మీ వాళ్లు" అనే మాట నా నోట్లోకి రాలేదు, అంతవరకైనా నేర్చుకున్నాను. వెళ్లబోతుంటే ఆయనే అన్నాడు.

"మాస్టారూ, ఇది మాత్రం మీరు రాయొద్దండి."

ఎందుకని అడగలేదు. రాయలేదు. ఆ వారం మామిడిపళ్ల మీద రాశాను.

ఆ ఏడు రంజాన్‌నాడు పొద్దున్నే స్నానం చేసి వీధి వరండాలో కూర్చున్నాను. తొమ్మిదైంది, పదకొండైంది. "ఈసారి రాదేమోలెండి, వాళ్ల డబ్బా మన దగ్గరే ఉందిగా" అంది నా భార్య. డబ్బా లేక ఆగేదేమీ కాదని మా ఇద్దరికీ తెలుసు. పన్నెండు దాకా చూశాను. ఇన్నేళ్లూ పెరటి గోడ మీద పెట్టిన దాని కోసం అంతగా ఎదురుచూస్తానని ఎవరన్నా చెబితే నమ్మేవాణ్ణి కాదు. ఇక లాభం లేదని లేచి, అలమర మీద డబ్బా దింపి, తుడిచి, ఖాళీగానే పట్టుకుని బయల్దేరాను.

వాళ్ల ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. ఆయన మా ఇంటికి పదేళ్లుగా వస్తున్నా, మీ ఇల్లెక్కడ అని నేను అడగలేదు. ఆటోనగర్ వెనక వీధుల్లో అడుగుతూ వెళ్తే ఎవరో చూపించారు. రెండు గదుల డాబా, గుమ్మం ముందు చెప్పుల కుప్ప. భాయ్ కొత్త లాల్చీలో ఎదురొచ్చాడు. నన్ను చూసి, నా చేతిలో డబ్బా చూసి, అందర్నీ కావలించుకున్నట్టే నన్నూ కావలించుకున్నాడు. పండగ మర్యాదో, పాత స్నేహమో తెలుసుకునే ధైర్యం నాకు లేదు.

ముందు గదిలో మంచం మీద వాళ్ల అమ్మగారు కూర్చుని ఉన్నారు, పెద్దావిడ, చెవులు సరిగా వినబడవు. నన్ను ఆవిడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, బంధువులెవరో వెళ్తుంటే వాళ్లని సాగనంపడానికి భాయ్ వీధి చివరిదాకా వెళ్లాడు. లోపలి గది గుమ్మం దగ్గరికి ఆయన భార్య వచ్చారు. తల మీద కొంగు సర్దుకుని, "రండి అన్నయ్యగారూ, ఇన్నాళ్లకి వచ్చారు" అన్నారు.

డబ్బా ఇచ్చాను. తీసుకుని మూత తీశారు.

"ఏం పొయ్యాలో తెలియక ఖాళీగా తెచ్చానమ్మా" అన్నాను.

ఆవిడ లోపలికెళ్లి ఒక గాజు గిన్నెలో ఖుర్మా తెచ్చి నా చేతికిచ్చారు. తిన్నాను. చిక్కటి పాలు, సేమియా, సారపప్పు, బాదం. ఖర్జూరం లేదు. పంచదార లేదు. ఇంట్లో ఇంత పండగ హడావిడి, వచ్చేపోయే జనం, నేను వస్తానో రానో తెలియదు, అయినా నా వాటా వేరే కాచి ఉంచారు. రెండో చెంచాకి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దావిడ చూసి, కారంగా ఏదైనా తిన్నాననుకున్నారేమో, మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపారు.

"ఎప్పటిలాగే ఉందా అన్నయ్యగారూ?"

ఈ ఒక్క ప్రశ్నకైనా నిజం చెప్పకపోతే ఇంక ఆ ఇంటి గుమ్మం తొక్కే అర్హత నాకుండదని తెలిసింది.

"నాకు తెలియదమ్మా. ఇదే మొదటిసారి తినడం."

"తెలుసండీ" అన్నారావిడ, చాలా మామూలుగా. "పంచదార మానేసిన మొదటేడు, మీ దగ్గర్నించి ఏదో ఒక మాట వస్తదని చూశాను. చప్పగా ఉందనో, నా కోసం వెయ్యలేదా అనో. మాటేం రాలా. డబ్బా నిండా పంచదారొచ్చింది. అది చూసి అనుకున్నాను, వీళ్లు మూత తియ్యరని."

"మరి ఆ తర్వాత కూడా ఎందుకు పంపారమ్మా?"

"పంపకపోతే ఆయన ఎందుకని అడుగుతారు కదండీ. మాస్టారు తిన్నారంట, బాగుందన్నారంట అని ఎంత సంతోషంగా చెప్పేవారో ఏటా. ఆయన్ని చూసి నేనేం చెప్పలేకపోయా." అత్తగారి వీపు వెనక దిండు సర్దారు. "ఆ ఆదివారం పేపరు తెచ్చి గట్టిగా చదివి వినిపించారండీ. ఖర్జూరం కాడికొచ్చి ఆగిపోయారు. నేను అన్నేళ్లు దాచాను. మీరే పేపర్లో చెప్పేశారు."

నా చేతిలో గిన్నె సగం నిండుగానే ఉంది. అప్పుడే భాయ్ లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నా మొహం చూశాడు, గిన్నె చూశాడు, భార్య వైపు చూశాడు. ఇన్నేళ్లూ అడిగిన మాటే అడిగాడు.

"ఎలా ఉందండి మాస్టారూ?"

"చప్పగా ఉంది భాయ్" అన్నాను.

ఆయన నా చేతిలోంచి చెంచా తీసుకుని, నా గిన్నెలోదే కొంచెం తిని చూశాడు. చెంచా మళ్లీ నాకిచ్చి, "మొత్తం తినండి" అన్నాడు. నేను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చునే ఉన్నాడు.